సైలెన్సరు మార్పించిన ఎండాకాలం

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పద్దెనిమిది నిమిషాలు. గడియారం చూసుకుని మరీ చెబుతున్నాను. డెబ్బై ఒకటో ఏట, వెనక భార్యను కూర్చోబెట్టుకుని, ఆమె ఒళ్ళో నాలుగు గిన్నెల క్యారియరు పెట్టుకుని, ఎదురుగాలిలో తోలాను. దారిలో రెండు బస్సులు నా చప్పుడు విని పక్కకు జరిగి దారిచ్చాయి. ఎండుమిరప లారీ డ్రైవరొకడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి సలాము కొట్టాడు. ఆ బండికి ఆ కొత్త సైలెన్సరూ, కొత్త ఎయిర్ ఫిల్టరూ ఎవరు బిగించారనుకున్నారు? నేనే. రెండు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు, ఒక పూట. మెకానిక్కు పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాడు.

ఇది మా వీధి అరుగు మీద కొన్నాళ్ళు బాగా నడిచిన కథ. ఇందులో ఎంత గాలి కొట్టానో నేనే చెబుతాను, తొందరపడకండి. ముందు నా చెవుల సంగతి చెప్పాలి. సైలెన్సరు పనంతా వాటి మూలంగానే జరిగింది.

ముప్పై రెండేళ్ళు ఆదోనిలో ఒక పత్తి మిల్లులో ఫిట్టరుగా పనిచేశాను. గింజ నుంచి దూదిని వేరుచేసే యంత్రాన్ని జిన్ను అంటారు. మా షెడ్డులో నలభై జిన్నులు వరసగా తిరిగేవి. గేటు దగ్గర సైకిలు దిగుతూనే, లోపల ఎన్నో నంబరు జిన్నుకు రోలరు అరిగిందో చెప్పేవాణ్ణి. మా సావుకారు ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే నన్ను పిలిపించి చెప్పించేవాడు, సర్కసులో ఏనుగు చేత లెక్కలు చేయించినట్లు. నలభై అన్నానా? ఇరవై నాలుగు. గేటు దగ్గర కాదు, షెడ్డులోకి నాలుగడుగులు వేశాక. మిగతాది మాత్రం నిజం.

మిల్లులో మాటలు చెవితో వినరు, కళ్ళతో వింటారు. ఎదుటివాడి పెదవులు చూసి ఏమన్నాడో తెలుసుకోవాలి. కొత్తగా చేరినవాడు ఆరు నెలలు తికమక పడతాడు, తర్వాత పది బారల దూరంలో ఎవరు ఎవరిని తిడుతున్నారో కూడా చెప్పేస్తాడు. నాకు ఆ విద్య బాగా పట్టుబడింది. ఎంత బాగా అంటే, రిటైరయ్యాక నా చెవులు ఒక్కో మెట్టూ దిగి మూసుకుపోతున్నా చాలాకాలం నాకే తెలియలేదు. తెలిశాక ఇంకెవరికీ తెలియనివ్వలేదు. ఎదురుగా నిలబడి మాట్లాడేవాడి మాట ఒక్కటి కూడా తప్పిపోయేది కాదు. వెనక నుంచి పిలిస్తేనే చిక్కు. దానికి కూడా ఒక ఉపాయం పెట్టుకున్నాను. ముసలివాడికి ఆలోచన ఎక్కువ, పరధ్యానం ఎక్కువ అని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరుతో నాలుగేళ్ళు లాగాను.

మా కూతురు రెండు వీధుల అవతల బట్టలు కుట్టే అంగడి నడుపుతుంది. దాని కళ్ళు సూదిలో దారం ఎక్కించే కళ్ళు. ఒకరోజు వాళ్ళ అంగడి ముందర నేను బండి తిప్పుకుంటుంటే వెనక నుంచి కంకర ట్రాక్టరు వచ్చిందట. హారను మీద హారను కొట్టాడట. నేను నింపాదిగా బండి అడ్డంగా పెట్టి, చెప్పులోంచి రాయి దులుపుకున్నానట. ట్రాక్టరు బారెడు దూరంలో ఆగింది. మా కూతురు చేతిలో కత్తెరతోనే పరిగెత్తుకొచ్చి నా ఎదురుగా నిలబడింది.

"నాయనా, నీకు ఇనపడ్తాండ్ల్యా."

"ఇనపడింది. వాడు ఆపుతాడో ల్యాదో సూద్దామని నిలబడినా."

"నాతో ఆ కతలు వద్దు. అమ్మను ఎనకేసుకోని ముప్పై కిలోమీటర్లు తోలుతాండావు నువ్వు. ఉగాది దాకా టైమిస్తా. సెవులన్నా సూపించుకో, బీగంసెవన్నా ఇయ్యి."

మా వైపు తాళాన్ని బీగం అంటాం, తాళంచెవి మాకు బీగంచెవి. రెండు చెవులలో ఏదో ఒకటి ఇవ్వమంటోంది. నాకు నవ్వొచ్చింది, నవ్వాను కూడా. అది నవ్వలేదు.

చెవులు చూపించుకుంటే డాక్టరు రాసి ఇస్తాడు, ఇతనికి చెవుడు అని. ఆ కాగితం ఒకసారి ఇంట్లోకి వచ్చాక బీగంచెవి నా జేబులో ఉండదు. అంటే, రెండింటిలో ఏది ఇచ్చినా పోయేది బండే. బండి పోతే గురువారం పోతుంది.

గురువారం సంగతి ఇది. మా ఆవిడ పుట్టిల్లు ఎమ్మిగనూరు. మగ్గాల ఇల్లు. ఆమె అక్క, నాకు వదిన, పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయి మంచంలో ఉంది. కొడుకూ కోడలూ మంచివాళ్ళే, మగ్గం మీద నుంచి లేస్తే కూడు లేనివాళ్ళు. అందుకని మా ఆవిడ ప్రతి గురువారం పోయి అక్కకు తలంటి, నీళ్ళు పోసి, తల దువ్వి జడ వేసి, తాను వండుకుపోయిన జొన్నరొట్టె, పప్పు మెత్తగా మెదిపి తినిపించి వస్తుంది. నాలుగేళ్ళుగా ఒక్క వారం తప్పలేదు. బస్సెక్కడానికి ఆమె మోకాళ్ళు ఒప్పుకోవు, కుడి మోకాలు అసలు వంగదు. ఒకపక్కకు కూర్చుంటే అంత దూరం నడుము పట్టేస్తుందని మగవాళ్ళలా అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంటుంది. నేను తోలకపోతే ఆమె పోలేదని నేను అందరికీ చెప్పేవాణ్ణి. ఆమెను తోలడం తప్ప వారంలో ఇంకే రోజూ నాకు పని లేదని మాత్రం చెప్పేవాణ్ణి కాదు.

బండి మీద ఆమె మాట్లాడుతుంది. పెళ్ళయినప్పటి నుంచీ అంతే, సైకిలు మీద కూడా మాట్లాడేది. ఇంట్లో పనిలో పడి చెప్పలేనివన్నీ నా వీపుకు చెప్పుకుంటుంది. అయితే వీపుకు పెదవులు కనపడవు. ఊరంతటిలో నా చెవుడు బయటపడే చోటు ఒక్కటే, నా బండి. మెడ మీద ఆమె ఊపిరి వెచ్చగా తగిలితే ఏదో అంటోందని తెలిసేది. "ఊఁ" అనేవాణ్ణి. ఊపిరి ఆగితే ఏదో అడిగిందని లెక్క, అప్పుడు ఇంకో "ఊఁ" కొంచెం గట్టిగా. ఒకసారి ఆమె బండి ఆపమని అడిగిందట, చెట్ల చాటుకు పోయి రావాలని. నేను రెండుసార్లు ఊఁ కొట్టి ఇంకాస్త వేగం పెంచాను. ఎమ్మిగనూరులో దిగాక ఆమె నా ముఖం చూసిన చూపు మరిచిపోలేను. "గాలి ఎక్కువుండాది మే, ఇనపడ్ల్యా" అన్నాను. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు.

అలా భయపడుతున్న రోజుల్లోనే కాలేజీ రోడ్డులో ఒక బండి చూశాను. సైలెన్సరు మార్చిన బండి. దుమ్ము లేచిపోయేంత చప్పుడు, నా చెవులకు కూడా లోపల ఎక్కడో ఢమఢమ తెలిసింది. ఇద్దరు పడుచువాళ్ళు. వెనకవాడు ముందువాడి చెవిలో నోరు పెట్టి అరుస్తున్నాడు, ముందువాడు ఇనపడలేదని తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. వాళ్ళను ఎవరూ చెవిటివాళ్ళనరు. నేను ఆ రోడ్డు పక్కన నిలబడే నిర్ణయించుకున్నాను.

మెకానిక్కు షెడ్డు మార్కెట్టు యార్డు వెనక ఉంది. నలభై ఐదేళ్ళవాడు, వాళ్ళ నాయన కూడా నా సైకిలు బాగుచేసినవాడే. నన్ను చాచా అంటాడు.

"చాచా, ఈ వయసులో ఈ సైలెన్సరు నీకేమిటికి?"

"పికప్పు తగ్గిందిరా."

"పికప్పు పెంచుకోని యాడికి పోతావు, స్వర్గానికా? నిమ్మళంగా పోదువులే, తొందరేముంది."

"నువ్వు బిగిస్తావా, నేనే బిగించుకోనా?"

అదుగో, నా చేతులతో బిగించానన్నది అక్కడ నుంచి పుట్టింది. బిగించింది అతనే. పాత సైలెన్సరు నట్లు తుప్పు పట్టి కదలకపోతే కిరసనాయిలు పోసి అరగంట ఆగి, తర్వాత నేను బండి పట్టుకుంటే అతను విప్పాడు. ఇంజను నోటికి కొత్త రింగు వేసి, కొత్త పైపు ఎక్కించాడు. కొత్త సైలెన్సరు పొట్టిది, లావు చెంబు ఆకారం. లోపల చప్పుడు తగ్గించే జల్లెడ ఒకటి ఉంటే అది కూడా తీసేయమన్నాను. తర్వాత గాలి డబ్బా. పాతదాంట్లో ఫిల్టరు ఒక ప్లాస్టిక్కు డబ్బాలో బందోబస్తుగా ఉంటుంది. అది ఊడబెరికి, ఆ మూతికి గరాటులాంటి ఎర్ర ఫిల్టరు తగిలించి బిగించాడు. ఇంజను ముందుకన్నా ఎక్కువ గాలి పీలుస్తుంది, ఎక్కువ గాలి వదులుతుంది. నేను స్పానర్లు అందించాను.

ఒక సంగతి మాత్రం నేను స్పష్టంగా అర్థం చేసుకున్నాను, అప్పుడు ఇంజను ఆగి ఉంది, అతను నాకు ఎదురుగా ఉన్నాడు. పాత పైపు మీద కాలు తగిలి కాలకుండా ఒక రేకు ఉండేది. అది కొత్త పైపుకు కూర్చోలేదు.

"ఇంకోటి సేపిస్తా చాచా. వారం ఆగు."

"వారమా? ఎల్లుండి గురువారం. రేకు లేకుంటే బండి కదలదా ఏం?"

అతను భుజాలు ఎగరేసి రేకును మూలకు విసిరాడు. ఆ మాట అన్నది నేనే. దీంట్లో గాలి కొట్టేదీ లేదు, తీసేదీ లేదు.

తర్వాత బండి స్టార్టు చేశాడు. షెడ్డు రేకులు అదిరాయి. పక్క అంగడిలో టీ తాగుతున్నవాళ్ళు లేచి చూశారు. ఆ చప్పుడులో అతను యాక్సిలరేటరు తిప్పుతూ, నా వైపు తిరిగి ఏదో అన్నాడు. నేను మిల్లులో చూసినట్లే పెదవులు చూశాను. పెద్ద చెట్టు పెట్టాల చాచా, లేకుంటే కాలిపోతాది. అలా చదువుకున్నాను. "కింద" అనే మాట నేనే కలుపుకున్నాను. మాఘమాసం దాటకుండానే మా ఆదోని ఎండ రాళ్ళు పగలగొడుతుంది. గాలి ఎక్కువ పీల్చే బండికి నీడ కావాలి కాబోలు. సబబుగానే తోచింది. "అట్లనేలే" అని తల ఊపాను. అతను బొటనవేలు పైకెత్తి చూపించాడు.

ఆ రోజు నుంచి నా బండి చెట్లు మారుతూ తిరిగింది. మా వీధిలో పెద్ద చెట్టు లేదు, రెండు సందుల అవతల ఒక వేపచెట్టు ఉంది. బండి అక్కడ పెట్టి నడిచి ఇంటికొచ్చేవాణ్ణి. కాకులు సీటు నాశనం చేసేవి, ఒక సంచి పట్ట తెచ్చి కప్పాను.

"ఇంటి ముందర సోటు ల్యాదా? ఆడిదాకా పొయ్యి పెట్టొస్తావేమిటికి?" అంది మా ఆవిడ.

"బండికి నీడ కాబల్లంట. మెకానిక్కు సెప్పినాడు."

"మనిషికి గూడ సెప్పి ఉంటే బాగుండు" అని, గొడుగు లేకుండా ఎండలో కూరగాయలకు పోయింది.

మొదటి గురువారం నేను దొంగసొత్తు దొరికినవాడిలా ఉన్నాను. బండి కదలగానే మెడ మీద ఊపిరి తగిలింది. నేను తల అడ్డంగా ఊపి, చెయ్యి చెవి దగ్గర తిప్పి, చప్పుడు, ఇనపడదు అన్నట్లు చూపించాను. ఇంకోసారి తగిలింది. ఇంకోసారి చూపించాను. ఆదోని దాటేలోపే ఊపిరి ఆగిపోయింది. ఆమె తువ్వాలు తీసి తలకూ చెవులకూ చుట్టుకుంది. ఆ తర్వాత ఎమ్మిగనూరు దాకా మాటల్లేవు. నాలుగేళ్ళలో మొదటిసారి నా మెడ బిగువు తగ్గింది. అంత హాయిగా ఉన్నందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది, చప్పుడులో కొట్టుకుపోయింది.

పద్దెనిమిది నిమిషాలు కాదు, మీరు ముందే పట్టేసి ఉంటారు. గంటకు ఐదు నిమిషాలు తక్కువ. బస్సులు దారివ్వలేదు, నేనే వాటికి ఇచ్చాను. మిరప లారీ డ్రైవరు చెయ్యి బయటపెట్టింది నిజమే, సలాముకు కాదు. అతని నోట్లో మాటలు కూడా చదవగలిగాను, ఇక్కడ రాయను.

మగ్గాల వీధిలో బండి ఆపితే పిల్లలు ఇళ్ళలోకి పరుగెత్తారు, మగ్గాలు ఆగాయి. లోపల మంచంలో వదిన ఎడమచేత్తో గుండె పట్టుకుని ఉంది. ఆమె నోరు సగమే కదులుతుంది, ఆ మాటలు నేను ఏనాడూ చదవలేకపోయాను. మా ఆవిడ నా వైపు తిరిగి చెప్పింది.

"మరిది తెచ్చింది బండా, బోరు మిషనా అంటాంది అక్క."

అందరం నవ్వాం. వదిన కూడా సగం నోటితో నవ్వింది.

రెండో గురువారం, మూడో గురువారం. యాక్సిలరేటరు వదిలినప్పుడల్లా వెనక టపాకాయలు పేలుతున్నట్లు పొగ తన్నేదట. నాకు కాళ్ళ కింద చిన్న కుదుపు తెలిసేది, అంతే. పైపు వంపు దగ్గర ఇనుము నీలంగా మారింది. అరుగు మీద దాన్ని చూపించి, "నీలం రాయి రంగు, మంచి ఇంజనుకే వస్తాది" అన్నాను. ముప్పై రెండేళ్ళు ఇనుముతో బతికినవాణ్ణి. ఇనుము అతిగా కాలితేనే నీలమవుతుందని నాకు తెలియదా? ఇరవై నాలుగు జిన్నులలో ఒక రోలరు గొంతు మారితే పట్టుకున్నవాణ్ణి, నా తొడల మధ్య ఉన్న ఒక్క ఇంజను గొంతు ఏమంటోందో వినలేకపోయాను. అడిగి తెలుసుకోవడానికి కూడా పోలేదు. పోతే అతను నోరు తెరిచి చెబుతాడు, నేను మళ్ళీ చదవాలి.

ఉగాది ఇంకో పది రోజులుందనగా వచ్చిన గురువారం అది. ఉదయం తొమ్మిదికే రోడ్డు మీద ఎండమావులు లేచాయి. ఆదోని దాటిన తర్వాత బండి బరువుగా లాగుతున్నట్లు తోచి ఇంకాస్త యాక్సిలరేటరు ఇచ్చాను. ఎమ్మిగనూరు ఏడెనిమిది కిలోమీటర్లుందనగా ఆమె నా భుజం మీద రెండుసార్లు తట్టింది. నేను బ్రేకు మీద కాలు వేశాను. అదే సమయానికి ఇంజను కూడా బిగుసుకుంది. బండి రోడ్డు పక్కకు పోయి ఆగింది. ఆమె దిగబోయి, దిగలేక, నా మీద వాలింది. కుడికాలి పిక్క పైపుకు తగిలి రూపాయి బిళ్ళంత మేర కాలింది. చీర కొంచెం అంటుకుంది. సిల్కులా కనపడే ప్లాస్టిక్కు చీర, కరిగి తోలుకు పట్టుకుంది.

ఆమె ఏడవలేదు. క్యారియరు పడిపోకుండా పట్టుకునే ఉంది.

ఉల్లిగడ్డల ఆటో ఒకటి ఆపితే అతను మమ్మల్ని గోతాల మధ్య కూర్చోబెట్టుకుని ఎమ్మిగనూరు ఆసుపత్రిలో దింపాడు. నర్సమ్మ చీర ముక్కలు ఒక్కొక్కటి తీస్తుంటే నేను గోడ మీద టీకాల బొమ్మలు చూస్తూ నిలబడ్డాను. కట్టు కట్టాక మా ఆవిడ ఇంటికి పోదామనలేదు. "అక్క తల తడుపుకోకుండా ఎదురుసూస్తా ఉంటాది" అని ఆటో ఎక్కి మగ్గాల వీధికి పోయింది. ఒంటికాలి మీద నిలబడి అక్కకు నీళ్ళు పోసిందట. నేను చూడలేదు. నేను తాడు కట్టించి బండిని ఆ వీధి చివర ఉన్న మెకానిక్కు షెడ్డుకు లాగించే పనిలో ఉన్నాను. మనిషి కాలు కాలితే బండి వెంట పోయినవాణ్ణి.

ఎమ్మిగనూరు మెకానిక్కుకు నేను కొత్త. ముందు ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టుకుని చూశాడు. సున్నం కొట్టినట్లు తెల్లగా ఉంది. తర్వాత ఇంజను తల విప్పితే పిస్టను మీద గోళ్ళతో గీరినట్లు గీతలు. ఈలోపల మా కూతురు ఫోను అందుకుని ఆదోని నుంచి బస్సులో వచ్చింది. వాళ్ళమ్మను పట్టుకుని షెడ్డుకు నడిపించుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. 

మెకానిక్కు నా వైపు చూసి ఏదో అడిగాడు. చదివాను. చెట్టు మార్చలేదా?

"ఏమిటికి మార్చల్యా?" అన్నాను కొంచెం కోపంగా. "ఆదోనిలో యాపసెట్టు, ఈడికొస్తే సింతసెట్టు. ఒక్క పూట గూడ ఎండలో పెట్టల్యా. కాకుల రెట్ట గూడ నేనే తుడిస్తి."

అతను స్పానరు కింద పెట్టాడు. నా ముఖంలోకి చూశాడు, తర్వాత మా కూతురి ముఖంలోకి. ఆదోనిలో ఎవరు బిగించారని అడిగి నెంబరు తీసుకుని ఫోను కలిపి, స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచాడు.

ఫోనుకు పెదవులుండవు. నేను ముఖాలు చూస్తూ నిలబడ్డాను. మెకానిక్కు ఏదో అడిగాడు. ఫోను ఏదో చెప్పింది. షెడ్డులో పనివాళ్ళిద్దరు పకపక నవ్వి, మా ఆవిడ కట్టు చూసి నోరు మూసుకున్నారు. మా కూతురు నుదురు మీద చెయ్యి పెట్టుకుంది. మా ఆవిడ నవ్వలేదు. నేనున్నది మూడడుగుల దూరంలో, అయినా ఆమె లేచి కుంటుకుంటూ వచ్చి, నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. చిన్నపిల్లవాడికి అక్షరాలు చెప్పినట్లు చెప్పింది.

"సెట్టు గాదంట. జెట్టంట."

జెట్టు. కార్బరేటరులో పెట్రోలు వచ్చే చిన్న ఇత్తడి ముక్క, సూదిమొన అంత రంధ్రం ఉంటుంది. ఇంజను గాలి ఎక్కువ పీలిస్తే పెట్రోలు కూడా ఎక్కువ కావాలి, దానికి పెద్ద రంధ్రమున్న జెట్టు వేయాలి. ఆదోని మెకానిక్కు దగ్గర ఆ సైజు లేదు. అందుకే ఆ రోజు పెద్ద జెట్టు పెట్టాల, లేకుంటే కాలిపోతాది అన్నాడు. పెదవుల మీద ఆ రెండు మాటలకూ తేడా లేదు. మీరే అద్దం ముందర నిలబడి అని చూడండి. ఈ పొరపాటు మిల్లువాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేరు. చెవులున్నవాడికి వినపడుతుంది, చెవుడు ఒప్పుకున్నవాడు మళ్ళీ అడుగుతాడు.

మా కూతురు చెయ్యి చాపింది. ఉగాది దాకా ఆగలేదు. నేను జేబులోంచి బీగంచెవి తీసి దాని చేతిలో పెట్టేశాను. నా అంతట నేనే, ఒక్క మాట ఎదురు చెప్పకుండా.

బండి ఇప్పుడు పాత సైలెన్సరుతో, పాత డబ్బాతో కూతురి అంగడి వెనక ఉంది. అల్లుడు వారానికోసారి స్టార్టు చేసి ఆపుతాడట. గురువారం మా ఆవిడ బస్సులో పోతోంది. కండక్టరు చెయ్యి అందిస్తాడు, రెండు మెట్లు ఎక్కుతుంది, మూడో మెట్టు మీద కాసేపు ఆగుతుంది. నేను తోలకపోతే పోలేదనుకున్న ఆవిడ పోతూనే ఉంది. నేను బస్టాండు దాకా క్యారియరు మోసి అందించి, బస్సు కదిలాక ఇంటికి వస్తాను. రెండు వారాలు నేనూ వస్తానన్నాను. "నువ్వొచ్చి ఏం సేస్తావు" అంది. నిష్ఠూరంగా అనలేదు, నిజంగానే అడిగింది. 

చెవులు చూపించుకున్నాను. చిన్న మిషను ఇచ్చారు. అది పెట్టుకుంటే గిన్నెలు పిడుగుల్లా పడతాయి, కాకులు నా తలలోనే అరుస్తాయి. రోజుకు రెండు గంటలు ఓర్చుకుంటున్నాను. ఇంట్లో మాట్లాడేవాళ్ళు తక్కువైపోయారు. మా ఆవిడ చెప్పాల్సినవి ఇప్పుడు బస్సులో పక్క సీటువాళ్ళకు చెబుతోందేమో తెలియదు.

ఇదంతా ఒక పొడుగాటి నోటు పుస్తకంలో రాసి, నిన్న మధ్యాహ్నం ఆమెకు చదివి వినిపించాను. గోడకు ఆనుకుని కాలు చాపుకుని కూర్చుని విన్నది. పద్దెనిమిది నిమిషాల దగ్గర నవ్వింది. కాకుల దగ్గర నవ్వింది. రేకు దగ్గర నవ్వలేదు. చివరి దాకా విని, "ఆ రోడ్డు మీది ముక్క మళ్ళ సదువు" అంది. చదివాను. మిషను చెవిలోనే ఉంది, తప్పించుకోవడానికి వీల్లేకపోయింది.

"రెండు తూర్లు తట్టినానా నేను? ఎవురు తట్టినారప్పా? వంక మీద బ్రిడ్జి కాడ కాలు పైపుకు అతుక్కున్యాది. మోకాలు వంగక తీసుకోలేకపోతి. ఆడ్నుంచి అరుస్తానే ఉండా. నీ వీపు మీద పిడికిలితో గుద్దినా, సొక్కా పట్టుకోని పీకినా, నీ గుండీ తెగి నా సేతికొచ్చింది. నువ్వు ఆపల్యా. బ్రేకూ ఎయ్యల్యా. బండి సచ్చి నిలబడింది. అది సావకుంటే నన్ను అట్లనే అక్క వాకిలి దాకా తోల్కపోతాంటివి."

ఆమె చీర మోకాలి దాకా జరిపింది.

"రూపాయి బిళ్ళంతనా ఇది? సెయ్యి పెట్టు ఈడ. పెట్టు, బయపడాకు. నీ అరసెయ్యి మూయదు దీన్ని. ఇంగొకటి. బీగంసెవి నువ్వు ఇయ్యల్యా, ఆ పిల్ల నీ జేబులో సెయ్యి పెట్టి తీసుకున్యాది. అదీ పోనీలే. సెవుడు దాపెట్టినందుకు గూడ నాకు కోపం ల్యాదు, ముసిలోనివి, అయితాది. నేను కాలి అరుస్తాంటే నువ్వు ఏమన్యావో అది యాడ రాసినావు? రాయల్యా నువ్వు. ‘ఊఁ’ అన్యావు. తల ఊపి, ‘ఊఁ ఊఁ, వస్తిమిలే’ అన్యావు. ముందు అది రాయి."